గ్రాఫిక్స్ కార్డుకు కళ్లెం వేసే ఒక్క వరుస

వేసవి మధ్యాహ్నం, తలుపులు మూసిన గదిలో గ్రాఫిక్స్ కార్డు పూర్తి వేగంతో పనిచేస్తుంటే ఆ సంగతి పక్కన కూర్చున్న మనిషికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2020లో వచ్చిన ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3090 కార్డుకు తయారీదారు పెట్టిన పరిమితి 350 వాట్లు. పాత తరహా సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. అంటే ఈ కార్డు ఒక్కటే నాలుగైదు ఫ్యాన్ల కరెంటు తాగుతుంది. అందులోకి వెళ్లిన విద్యుత్తంతా లెక్కలు చేసిపెట్టి, చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది.

ఆ వేడి తగ్గించడానికి నేను చేసిన పని నా లినక్స్ యంత్రంలో టెర్మినల్, అంటే ఆజ్ఞలు టైపు చేసే కిటికీ, తెరిచి ఒక వరుస టైపు చేయడం. ఆ వరుసను పైకి చదివితే ఇలా ఉంటుంది: సుడో ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ -పీఎల్ 250. సుడో అంటే పూర్తి అధికారంతో నడపమని చెప్పడం. ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ అనేది డ్రైవర్‌తో, అంటే కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్‌తో, పాటే వచ్చే చిన్న ప్రోగ్రాం. పీఎల్ అంటే పవర్ లిమిట్. ఇక మీదట 250 వాట్లు దాటవద్దని కార్డుకు చెప్పామన్నమాట. వంద వాట్లు తగ్గాయి. రోజుకు పది గంటలు నడిచే కార్డయితే రోజుకు ఒక యూనిట్ మిగిలినట్లే. పావు వంతుకు పైగా విద్యుత్తు కోసేసినా, పని వేగం మాత్రం అంతగా పడిపోలేదు. నన్ను కట్టిపడేసింది ఈ సంగతే.

ఆ కార్డు చిప్‌లో 2,830 కోట్ల ట్రాన్సిస్టర్లు, అంటే అతి చిన్న స్విచ్చులు, ఉన్నాయి. ఒక సంకేతం సున్నా నుంచి ఒకటికి మారిన ప్రతిసారీ, చిప్ లోపలి సన్నని తీగలను, వాటి చివర ఉన్న ట్రాన్సిస్టర్లను విద్యుదావేశంతో నింపాలి. తిరిగి సున్నా కావాలంటే ఖాళీ చేయాలి. ఒక నీళ్ల తొట్టిని ఊహించుకోండి. మట్టం రెట్టింపు కావాలంటే నీళ్లు రెట్టింపు పోయాలి, వాటిని రెట్టింపు ఎత్తుకూ ఎత్తాలి. కాబట్టి శ్రమ నాలుగు రెట్లవుతుంది. ఇక్కడ మట్టమే వోల్టేజీ. ఒక్కో మార్పుకు పట్టే శక్తి వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది. సెకనుకు ఎన్నిసార్లు నింపి ఖాళీ చేస్తున్నామో అది క్లాకు వేగం. ఈ రెండూ కలిస్తే చిప్ తాగే విద్యుత్తులో పెద్ద భాగం తేలుతుంది.

చిప్ వేగంగా పరిగెత్తాలంటే ట్రాన్సిస్టర్లు త్వరగా మారాలి, త్వరగా మారాలంటే వోల్టేజీ పెంచాలి. అందుకే వేగం, వోల్టేజీ జోడెడ్ల లాగా కలిసి కదులుతాయి. రెండూ పది శాతం చొప్పున తగ్గాయనుకుందాం. 0.9ని మూడుసార్లు హెచ్చవేస్తే 0.729. పదో వంతు వేగం వదులుకుంటే పావు వంతుకు పైగా విద్యుత్తు మిగులుతుంది. నిజమైన కార్డులో లెక్క ఇంత శుభ్రంగా ఉండదు. మెమరీ, ఫ్యాన్లు, పని లేకపోయినా ట్రాన్సిస్టర్ల నుంచి కారిపోయే విద్యుత్తు ఈ సూత్రానికి లొంగవు. అయినా దిశ ఇదే. పైగా మెమరీ నుంచి డేటా ఎప్పుడు వస్తుందా అని చిప్ ఎదురుచూసే రకం పనుల్లో, క్లాకు కాస్త తగ్గినా నష్టం పెద్దగా కనిపించదు.

అలాగని ఎంత తగ్గిస్తే అంత లాభమని అనుకోకూడదు. ఒక స్థాయి కిందికి వోల్టేజీ దిగదు. దిగితే చిప్ తప్పులు చేస్తుంది. ఆ తరువాత వేగం ఒక్కటే తగ్గుతుంది, వర్గం ఇచ్చిన లాభం ఆగిపోతుంది. పని ఎక్కువసేపు సాగుతుంది, ఆ అదనపు సమయమంతా మెమరీ, ఫ్యాన్లు విద్యుత్తు తీసుకుంటూనే ఉంటాయి. మొత్తం ఖర్చు మళ్లీ పెరుగుతుంది.

మనం టైపు చేసిన 250 చిప్ దాకా ఎలా చేరుతుంది? ఆ చిన్న ప్రోగ్రాం మన మాటను ఒక లైబ్రరీకి, అంటే ప్రోగ్రాంలు వాడుకునే కోడ్ కట్టకు, ఇస్తుంది. అది లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డులో, కూర్చున్న డ్రైవర్ భాగానికి చేరవేస్తుంది. అక్కడి నుంచి ఫర్మ్‌వేర్‌కు, అంటే కార్డు లోపలే నడిచే ప్రోగ్రాంకు, వెళ్తుంది. కార్డుకు విద్యుత్తు వచ్చే దారిలో అతి తక్కువ నిరోధం గల రెసిస్టర్లు ఉంటాయి. వాటి రెండు చివరల మధ్య వోల్టేజీ ఎంత తగ్గిందో కొలిస్తే ఎంత కరెంటు వస్తోందో తెలుస్తుంది. పరిమితి దాటబోతే ఫర్మ్‌వేర్ వేగాన్ని, వోల్టేజీని ఒక మెట్టు దించుతుంది.

ఈ గొలుసులో లైబ్రరీ, కెర్నెల్ భాగం ఒకే వెర్షన్‌వి కావాలి. ఒకసారి నా యంత్రం రాత్రికి రాత్రి అప్‌డేట్ అయింది. పొద్దున ఏ కమాండ్ ఇచ్చినా డ్రైవర్‌కు, లైబ్రరీకి పొత్తు కుదరడం లేదన్న సందేశమే వచ్చింది. కార్డు చెడిపోయిందని భయపడ్డాను. జరిగింది చాలా చిన్న విషయం: డిస్కు మీద కొత్త లైబ్రరీ వచ్చింది, మెమరీలో మాత్రం పాత కెర్నెల్ భాగమే నడుస్తోంది. యంత్రాన్ని ఒకసారి ఆపి తిరిగి ప్రారంభిస్తే సరిపోయింది. ఈ సందేశం చూసి డ్రైవర్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించే పనికి దిగవద్దని కొత్తవారికి గట్టిగా చెబుతాను.

పోటీ కంపెనీ ఏఎండీ కార్డులకు లినక్స్‌లో దారి వేరు, నాకు అది మరింత అందంగా కనిపిస్తుంది. పరికరాన్ని కూడా ఫైలుగా చూడాలన్నది 1970ల తొలినాళ్లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో రూపుదిద్దుకున్న, లినక్స్ అనుసరించిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఆలోచన. ఏఎండీ డ్రైవర్ కార్డు పరిమితిని పవర్1_క్యాప్ అనే ఫైలుగా చూపిస్తుంది. ఆ ఫైలును చదివితే ఇప్పటి పరిమితి, అందులో కొత్త అంకె రాస్తే కొత్త పరిమితి. అయితే ఆ అంకె మైక్రోవాట్లలో ఉండాలి. 200 వాట్లంటే 20 కోట్లు, రెండు పక్కన ఎనిమిది సున్నాలు.

ఆజ్ఞ ఇచ్చే హక్కు ఎవరిదన్న ప్రశ్న కూడా ఈ రంగంలో ఎప్పటి నుంచో ఉంది. ఎన్‌విడియా కార్డుల ప్రవర్తనను బయటి నుంచి గమనిస్తూ స్వచ్ఛంద ప్రోగ్రామర్లు రాసిన నువో డ్రైవర్ 2010లో లినక్స్ కెర్నెల్‌లో చేరింది. నువో అంటే ఫ్రెంచిలో కొత్త అని అర్థం. 2014లో మొదలైన ఎన్‌విడియా 900 సిరీస్ కార్డులు కంపెనీ డిజిటల్ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్‌ను మాత్రమే నమ్మడం మొదలుపెట్టాయి. దాంతో నువో వాటి క్లాకు వేగాన్ని పెంచలేక, యంత్రం లేచినప్పుడున్న తక్కువ వేగంతోనే నడపవలసి వచ్చింది. 2022 మేలో కంపెనీ తన కెర్నెల్ భాగం సోర్సు కోడ్‌ను బయటపెట్టింది. కార్డులోని ఫర్మ్‌వేర్ మాత్రం ఇప్పటికీ మూసే ఉంది.

మీ దగ్గర ఎన్‌విడియా కార్డు ఉంటే ముందు ఎన్‌విడియా-ఎస్‌ఎంఐ -క్యూ -డీ పవర్ అని అడిగి చూడండి. ఎంత కిందికి, ఎంత పైకి పోవచ్చో కార్డే చెబుతుంది. ఆ హద్దులు దాటిన అంకెను డ్రైవర్ ఒప్పుకోదు కాబట్టి భయం లేదు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ పరిమితిని మార్చనివ్వరు. మానిటర్ లేని సర్వర్ అయితే -పీఎం 1 కూడా ఇవ్వాలి, లేకపోతే కార్డును వాడే ప్రోగ్రాం ఏదీ లేనప్పుడు డ్రైవర్ దాన్ని వదిలేస్తుంది, పెట్టిన పరిమితీ పోతుంది. యంత్రం ఆపి లేపినా పోతుంది. ప్రారంభమైన ప్రతిసారీ నడిచేలా సిస్టమ్‌డీలో, అంటే లినక్స్ లేచేటప్పుడు పనులను మొదలుపెట్టే ప్రోగ్రాంలో, రాసుకోవాలి. తరువాత ఒకే పనిని 350, 300, 250, 200 వాట్ల దగ్గర నడిపి, సగటు వాట్లను పట్టిన సెకన్లతో హెచ్చవేయండి. అది ఆ పనికి అయిన శక్తి, జౌల్స్‌లో. ఆ నాలుగు లబ్ధాలలో ఏది చిన్నదో అదే మీ కార్డుకు, మీ పనికి తగిన అంకె.