‘ది ఇన్‌క్రెడిబుల్స్’ మీద ఐన్ రాండ్ ముద్ర ఎలా పడింది?

2004 నవంబర్‌లో పిక్సార్ వాళ్లు ఒక సూపర్‌హీరో కుటుంబం మీద తీసిన యానిమేషన్ సినిమా ‘ది ఇన్‌క్రెడిబుల్స్’ వచ్చినప్పుడు న్యూయార్క్ టైమ్స్ సమీక్షకుడు ఎ.ఓ. స్కాట్ ఒక మాటన్నాడు. ఈ సినిమా తన మూల భావాన్ని చెప్పే తీవ్రత చూస్తే, అమెరికన్ కామిక్స్ చరిత్రలోనూ ఐన్ రాండ్ తత్వంలోనూ బాగా మునిగి తేలినట్టుందని. కామిక్స్ సంగతి అందరూ మర్చిపోయారు, రాండ్ పేరు మాత్రం ఆ సినిమాకి అంటుకుపోయింది.

రాండ్ అంటే ‘ఫౌంటెన్‌హెడ్’ (1943), ‘అట్లాస్ ష్రగ్డ్’ (1957) రాసినావిడ. ప్రతిభ ఉన్నవాణ్ణి లేనివాళ్లంతా కలిసి కిందికి లాగుతారన్నది ఆవిడ బాధ. మన ఇంజనీరింగ్ హాస్టళ్లలోనూ ఆ పుస్తకాలు చదివి కొన్నాళ్లు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడని బాపతు ఉంటారు.

స్కాట్‌కి అలా అనిపించడంలో వింతేమీ లేదు. సినిమాలో సూపర్‌హీరోల మీద జనమే కేసులు వేస్తారు, ఆత్మహత్య చేసుకోబోతుంటే కాపాడినందుకు కూడా ఒకాయన దావా వేస్తాడు, చివరికి ప్రభుత్వం వాళ్లందరినీ మామూలు మనుషుల్లా దాక్కుని బతకమంటుంది. అందరూ స్పెషలేరా అని తల్లి అంటే, అంటే ఎవరూ కాదనేగా అని పిల్లాడు డాష్ గొణుగుతాడు. కానీ దీనికి రాండ్ దాకా వెళ్లక్కర్లేదు. హీరోలను నిషేధించే కథ 1986-87లో ‘వాచ్‌మెన్’ కామిక్స్‌లోనే ఉంది. కాలిఫోర్నియా ప్రభుత్వం 1986లో పిల్లల్లో, పెద్దల్లో ఆత్మగౌరవం పెంచడానికి ఏకంగా ఒక టాస్క్‌ఫోర్స్ వేసింది, 1990లో దాని నివేదిక వచ్చింది, ఆటలో పాల్గొన్న ప్రతి పిల్లాడికీ ట్రోఫీ ఇవ్వడం మీద అమెరికాలో జోకులు మొదలయ్యాయి. 1994లో మెక్‌డొనాల్డ్స్ కాఫీ ఒలికి కాలిన కేసులో జ్యూరీ లక్షల డాలర్ల పరిహారం ఇమ్మన్నాక దావాల మీద కూడా అంతే. దర్శకుడు బ్రాడ్ బర్డ్ ఈ కథ ఆలోచించింది ఆ తొంభైల్లోనే.

ఆయన సొంత గొడవా ఉంది. పదకొండేళ్లకే యానిమేషన్ మొదలుపెట్టి, కుర్రాడిగానే డిస్నీ పెద్దల దగ్గర నేర్చుకుని, తర్వాత అదే డిస్నీలో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1999లో తీసిన ‘ది ఐరన్ జెయింట్’ని మెచ్చుకున్నారు గానీ డబ్బులు రాలేదు. ఇన్సూరెన్స్ ఆఫీసు క్యూబికల్‌లో ఇరుక్కున్న ఈ సినిమా హీరో బాబ్ పార్‌ని చూస్తే నాకు రాండ్ కంటే బర్డే ఎక్కువ గుర్తొస్తాడు.

పైగా ఆ బాబ్ చేసేదేమిటి? క్లెయిమ్ రాని ముసలావిడకి ఏ కాగితం ఎక్కడ పెట్టాలో బాస్‌కి తెలియకుండా చెబుతాడు. పరోపకారమే పెద్ద జబ్బు అనుకున్న రాండ్‌కి ఇది నచ్చుతుందా? అసలు ఆవిడ లెక్కలో హీరో కావాల్సింది ఇందులో సిండ్రోమ్ అనే పేరున్న విలన్. ఏ శక్తీ లేకుండా పుట్టి, తన బుర్రతో ఆయుధాలు కనిపెట్టి, వాటిని అమ్మి కోటీశ్వరుడయ్యాడు. బాబ్ కుటుంబానికి ఉన్నదంతా పుట్టుకతో వచ్చింది.

స్కాట్‌తో నా పేచీ ఇక్కడే. రాండ్ అనే ముద్ర వేస్తే ఈ సినిమాలో నిజంగా ఇబ్బంది పెట్టే విషయం కనిపించకుండా పోతుంది. ఇందులో గొప్పతనం రక్తంలో వస్తుంది, కష్టపడి తెచ్చుకోబోయినవాడు దొంగ. మూడు తరాల హీరోల కుటుంబాలను చూస్తున్న తెలుగు ప్రేక్షకుడికి ఇది విడిగా చెప్పాలా! శక్తులేవీ లేని ఎడ్నా మోడ్ ఉంది కదా అంటారు, నిజమే, ఆమె మేధావి, గొంతిచ్చింది కూడా బర్డే. కాకపోతే ఆమె పని హీరోలకు బట్టలు కుట్టడం, తను హీరో అవుతాననలేదు. సిండ్రోమ్ చిన్నప్పుడు అడిగింది అదొక్కటే, బాబ్ పొమ్మన్నాడు. 2018లో రెండో భాగం వచ్చినప్పుడు చూస్తే, అందులోనూ విలన్ శక్తులు లేకుండా పరికరాలు కనిపెట్టే మనిషే.