తెలిసీ ఎన్నేళ్లు?

1845లో వియన్నా వైద్యుడు లోరిన్సర్ అగ్గిపుల్లల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు వచ్చే ఒక జబ్బు గురించి రాశాడు. ముందు పన్ను నొప్పితో మొదలవుతుంది. పన్ను పీకించుకున్నా పుండు మానదు. చిగుళ్లు వాచి చీము పడుతుంది, కొన్నాళ్లకు దవడ ఎముకే కుళ్లి ముక్కలుగా ఊడివస్తుంది. ఆ కంపుకు ఇంట్లోవాళ్లు కూడా దగ్గర కూర్చోలేకపోయేవారు. కారణం, పుల్ల తలకు పూసే తెల్ల భాస్వరం నుంచి లేచే ఆవిరి.

దీనికి ప్రత్యామ్నాయం అప్పటికి లేదా అంటే, దాదాపు చేతికందే దూరంలోనే ఉంది. 1850ల నాటికే స్వీడన్‌లో ఎర్ర భాస్వరంతో చేసిన అగ్గిపెట్టెలు అమ్ముడవుతున్నాయి. ఎర్ర భాస్వరం దవడ జోలికి పోదు. కానీ ఆ పుల్లను పెట్టె అంచుకే గీయాలి. తెల్ల భాస్వరం పుల్ల గోడకు గీసినా, చెప్పుకు గీసినా అంటుకుంటుంది, పైగా చవక. కొనేవాళ్లకు ఆ సుఖం, అమ్మేవాళ్లకు ఆ లాభం కలిసి మరో యాభై ఏళ్లు దవడలను తినేశాయి. ఫిన్లాండ్ 1872లో, డెన్మార్క్ 1874లో నిషేధించాయి. పెద్ద దేశాలు కదల్లేదు.

1888లో తూర్పు లండన్‌లోని ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో దాదాపు 1,400 మంది ఆడవాళ్లు, ఆడపిల్లలు పని మానేసి బయటికి వచ్చారు. వాళ్ల బాధలను ముందే పత్రికకెక్కించిన మనిషి అనీబిసెంట్. తర్వాతి కాలంలో హోంరూల్ ఉద్యమంలో మనం చూసే అనీబిసెంటే. చీటికీమాటికీ వేసే జరిమానాలు ఎత్తేయాలన్నది వాళ్ల ప్రధాన డిమాండ్. దాంతోపాటు అన్నం తినడానికి వేరే గది కావాలన్నారు. పని బల్ల మీదే రొట్టె పెట్టుకుని తింటే భాస్వరం రొట్టెతో పాటే నోట్లోకి పోతుంది మరి. సమ్మె గెలిచింది, గది వచ్చింది, భాస్వరం మాత్రం పోలేదు. దవడ జబ్బు కేసులను అధికారులకు చెప్పకుండా దాచినందుకు పదేళ్ల తర్వాత అదే కంపెనీ జరిమానా కట్టింది.

చివరికి 1906లో బెర్న్‌లో కొన్ని దేశాలు కూర్చుని తెల్ల భాస్వరం వాడబోమని ఒప్పందం రాసుకున్నాయి. ఒక్క దేశమే మానేస్తే పక్క దేశపు చవక సరుకు మార్కెట్‌ను తన్నుకుపోతుందన్న భయానికి అదే మందు. అమెరికా దారి ఇంకా చిత్రం. ఫ్యాక్టరీలను నిషేధించే అధికారం కేంద్రానికి లేదనుకుని 1912లో ఆ పుల్లల మీద భారీ పన్ను వేశారు. లాభం పోయింది కాబట్టి విషమూ పోయింది.

ఈ కథలో జబ్బు కనిపెట్టడం తేలికైన భాగం. చేసే పనే మనిషిని తింటుందని ఎప్పటినుంచో తెలుసు. కార్పేథియన్ కొండల గనుల దగ్గర ఏడుగురు భర్తలను వరుసగా దుమ్ము జబ్బుకు పోగొట్టుకున్న ఆడవాళ్లు ఉన్నారని 1556లో అచ్చయిన గనుల గ్రంథంలో జర్మన్ పండితుడు అగ్రికోలా రాశాడు. గనిలోకి గాలి కొట్టే యంత్రాల బొమ్మలూ గీయించి పెట్టాడు. 1700లో ఇటలీ వైద్యుడు రమజ్జినీ తోటి వైద్యులకు ఒక మాట చెప్పాడు: రోగిని అడిగే ప్రశ్నలకు 'నువ్వు ఏం పని చేస్తావు' అన్నది కూడా చేర్చండి అని. పొగగొట్టాల్లోకి దూరి మసి దులిపే పిల్లలకు పెద్దయ్యాక వృషణాల సంచికి క్యాన్సర్ వస్తోందని 1775లో లండన్ సర్జన్ పెర్సివాల్ పాట్ తేల్చాడు. బ్రిటన్‌లో దీని మీద చట్టం తర్వాత చట్టం వచ్చింది. పిల్లల్ని నిజంగా పొగగొట్టాల నుంచి దించింది మాత్రం 1875 నాటి చట్టం. దులిపే మేస్త్రీకి లైసెన్సు పెట్టి, పోలీసులకు పని అప్పగించింది అదే. అంటే పాట్ రాసిన తర్వాత నిండు నూరేళ్లకు.

ఈ జాప్యానికి కోర్టులూ సాయం పట్టాయి. ఇంగ్లండ్‌లో ఎక్కువ సరుకు ఎక్కించిన బండి విరిగి తొడ ఎముక విరగ్గొట్టుకున్న ఒక కసాయి కొట్టు కుర్రాడికి జ్యూరీ 100 పౌండ్లు ఇప్పించింది. 1837లో పైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. బండి సంగతి యజమానికి ఎంత తెలుసో నౌకరుకూ అంతే తెలుసు, ఇష్టం లేకపోతే ఎక్కనని చెప్పొచ్చు కదా అన్నారు జడ్జిగారు. దీనికి ఒప్పుకుంటే, పనిమనిషి తడి పక్క వేసినందుకు కూడా యజమాని పరిహారం కట్టాల్సి వస్తుందట! చేయనంటే మర్నాటి కూడు ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్న ఆ తీర్పులో లేదు.

మార్పు జర్మనీ నుంచి వచ్చింది. 1884లో బిస్మార్క్ ప్రభుత్వం తప్పు ఎవరిదన్న తగువే పక్కన పెట్టేసింది. ప్రమాదం జరిగితే బీమా నిధి చెల్లిస్తుంది, ఆ నిధికి డబ్బు కట్టేది యజమానులు. సోషలిస్టుల బలం తగ్గించడమే బిస్మార్క్ ఎత్తు అనుకున్నా, ఫలితం మంచిదే. విరిగిన ప్రతి చెయ్యికీ తమ జేబులోంచే పోతోందని తెలిశాక యజమానుల సంఘాలే భద్రతా నియమాలు రాసి, తనిఖీకి మనుషుల్ని పెట్టుకున్నాయి. నన్ను అడిగితే, పని చోట భద్రత విషయంలో ఏ ఉపన్యాసం కన్నా ఈ లెక్కల పుస్తకమే ఎక్కువ ప్రాణాలు కాపాడింది.

కానీ బీమాకు కనిపించేది విరిగిన చెయ్యే. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో తలుపు తాళం వేసిన బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేచి 146 మంది చనిపోయారు. వీధిలో నిలబడి ఊరంతా చూసింది, కొద్ది ఏళ్లలోనే చట్టాల వరుస వచ్చింది. ఊపిరితిత్తి అలా మంటపెట్టుకోదు. రాతినార (ఆస్బెస్టాస్) దుమ్ము రేణువులు గాజు పెంకుల్లా పదునుగా ఉన్నాయని 1898లోనే బ్రిటన్ ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ లూసీ డీన్ తన నివేదికలో రాసింది. 1930లో మెరివెదర్ అనే వైద్య అధికారి 363 మందిని పరీక్షిస్తే నలుగురిలో ఒకరికి ఊపిరితిత్తులు మచ్చకట్టి ఉన్నాయి. మరుసటి ఏడాది వచ్చిన నిబంధనలు తయారీ ఫ్యాక్టరీలకే పరిమితం. ఓడల్లో పైపులకు రాతినార చుట్టేవాళ్లను పట్టించుకోలేదు. పూర్తి నిషేధం 1999లో. దుమ్ము పీల్చిన ఇరవై ముప్పై ఏళ్లకు గానీ జబ్బు బయటపడదు, ఈలోగా కంపెనీ చేతులు మారుతుంది.

తర్వాతి మలుపు, పని చోట భద్రత మీద బ్రిటన్‌లో లార్డ్ రోబెన్స్ కమిటీ 1972లో ఇచ్చిన నివేదిక. ప్రతి యంత్రానికో నిబంధన రాయడం మాని, ప్రమాదాన్ని అంచనా వేసి తగ్గించే బాధ్యతను యజమాని మీదే పెట్టమంది. 1974లో బ్రిటన్ చట్టం దాని మీదే నిలబడింది, చాలా దేశాలు అదే దారి పట్టాయి. 1966లో వేల్స్‌లోని అబర్‌ఫాన్ ఊళ్లో బడి మీద బొగ్గు చెత్తగుట్ట కూలి 144 మంది చనిపోయినప్పుడు బ్రిటన్ ప్రభుత్వ బొగ్గు బోర్డుకు అధ్యక్షుడు ఈ రోబెన్సే. ఆ పనికి ఈయన్నే ఎంచుకోవడం నాకిప్పటికీ మింగుడుపడదు.

ఈ రంగంలో ఇవాళ అందరూ ఒప్పుకునే వరుస ఒకటుంది. ముందు ప్రమాదాన్ని తీసేయాలి, కుదరకపోతే తక్కువ హానిచేసే దాన్ని వాడాలి, తర్వాత యంత్రానికి కవచం, గాలి లాగే గొట్టం, ఆ తర్వాత పని గంటలు, శిక్షణ. హెల్మెట్, మాస్కు, గ్లౌజులు అన్నిటికన్నా ఆఖరివి. పని చోట్ల ముందు కనిపించేవి మాత్రం అవే, ఎందుకంటే చవక.

పని చోట భద్రతను అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022లో మౌలిక హక్కుల్లో చేర్చింది. ఏటా దాదాపు 30 లక్షల మంది పని కారణంగా చనిపోతున్నారని, అందులో 26 లక్షలు జబ్బుల వల్లేనని ఆ సంస్థే అంచనా వేసింది. తాజా ఉదాహరణ వంటగట్లకు వాడే కృత్రిమ రాయి. ఇందులో చాలా రకాల్లో 90 శాతం దాకా సిలికా ఉంటుంది. గ్రైండర్ పెట్టి కోస్తే లేచే సన్న దుమ్ము కొద్ది ఏళ్లలోనే వయసు కుర్రాళ్లను సిలికోసిస్‌తో, అంటే ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు మచ్చకట్టే జబ్బుతో, పడగొడుతోంది. నీళ్లు పోసి కోస్తే చాలదా, సిలికా తగ్గిస్తే సరిపోదా అని పరిశ్రమ అడిగింది. తక్కువ సిలికా ఉన్న రాయి సురక్షితమని చెప్పే ఆధారం లేదని ఆస్ట్రేలియా భద్రతా సంస్థ తేల్చింది. 2024 జూలై 1 నుంచి ఆ దేశం దాని తయారీ, అమ్మకం, కోత అన్నిటినీ నిషేధించింది. అలా చేసిన మొదటి దేశం అదే.