పిల్లల మోతాదుపై వాదన ఎక్కడ మొదలైంది?

పిల్లల మీద మందుల పరీక్షలు జరపడం న్యాయమేనా అన్న ప్రశ్న మళ్ళీ చర్చకు వచ్చింది. పెద్దల మోతాదును బరువును బట్టి తగ్గించి ఇస్తే చాలునని, అందుకోసం పసివాళ్ళను అధ్యయనాల్లోకి లాగనక్కర్లేదని ఒక పక్షం వాదిస్తోంది. ఆ నమ్మకం ఎంత ప్రమాదకరమో 1959 డిసెంబరులో ప్రచురితమైన ఒక అధ్యయనం బయటపెట్టింది.

ఉమ్మనీటి సంచి పగిలి 24 గంటలు దాటాక, నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ఇన్ఫెక్షన్ సోకుతుందన్న భయంతో అప్పట్లో ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్స్ ఇచ్చేవారు. లాస్ ఏంజెలిస్ కౌంటీ ఆసుపత్రి వైద్యులు అటువంటి శిశువులను నాలుగు వర్గాలుగా విభజించి పరిశీలించారు. ఏ మందూ ఇవ్వనివారిలో 19 శాతం, పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ ఇచ్చినవారిలో 18 శాతం మరణించగా, క్లోరాంఫెనికాల్ అనే మరో యాంటీబయాటిక్ ఒక్కటే ఇచ్చినవారిలో 60 శాతం, మూడూ కలిపి ఇచ్చినవారిలో 68 శాతం మరణించారు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే బిడ్డ పాలు తాగడం మానేసేది. పొట్ట ఉబ్బి, ఊపిరి లయ తప్పి, ఒళ్ళు చల్లబడి బూడిద రంగుకు తిరిగేది. తీవ్రమైన ఇన్ఫెక్షన్ లక్షణాలు కూడా దాదాపు ఇలాగే ఉంటాయి. పోల్చి చూడటానికి మందు తీసుకోని శిశువులు లేకపోయి ఉంటే నింద రోగం మీదికే పోయేది, మందు వాడకం అలాగే కొనసాగేది.

కారణం కాలేయంలో ఉంది. క్లోరాంఫెనికాల్‌ను గ్లూకురోనిక్ ఆమ్లంతో కలిపి నిర్వీర్యం చేసే ఎంజైము నవజాత శిశువుల్లో ఇంకా పక్వానికి రాదు, మూత్రపిండాలూ మందును చురుగ్గా బయటికి పంపలేవు. రక్తంలో మందు సగానికి తగ్గడానికి పెద్ద పిల్లల్లో దాదాపు 4 గంటలు పడితే, ఒకటి రెండు రోజుల పసికందుల్లో సుమారు 26 గంటలు పడుతుంది. ఈలోగా తర్వాతి మోతాదులు వచ్చి చేరుతూనే ఉంటాయి. ఏడాది దాటాక పరిస్థితి తలకిందులై, కార్బమజెపిన్ వంటి మూర్ఛ మందులు కిలో బరువుకు పెద్దల కంటే ఎక్కువే ఇవ్వవలసి వస్తుంది. వయసుతో ఇంతగా మారే శరీరాన్ని బరువు లెక్క ఒక్కటే పట్టుకోలేదు.

ఇంత తెలిసినా పరీక్షలు పెరగలేదు. మందుల చట్టాలు కఠినమయ్యేకొద్దీ తయారీదారులు పిల్లలను వదిలేసి, వారిలో భద్రత నిర్ధారణ కాలేదని లేబుల్ మీద రాసి ఊరుకున్నారు. 1960లలోనే హ్యారీ షర్కీ అనే వైద్యుడు పిల్లలను చికిత్సా రంగపు అనాథలుగా అభివర్ణించారు. అమెరికా 1997లో పిల్లల అధ్యయనాలు చేసిన సంస్థలకు పోటీ లేకుండా మందు అమ్ముకునేలా ఆరు నెలల అదనపు ప్రత్యేక విక్రయ హక్కు ప్రకటించి, 2003లో కొన్ని అధ్యయనాలను తప్పనిసరి చేసింది. ఐరోపాలో ఇటువంటి నిబంధనలు 2007లో అమల్లోకి వచ్చాయి. ఈలోగా కొడీన్ దశాబ్దాలపాటు పిల్లలకు నొప్పి మందుగా చెలామణి అయింది. దాన్ని శరీరంలో అతివేగంగా మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందుగా మార్చే జన్యులక్షణం ఉన్న పిల్లలు టాన్సిల్ శస్త్రచికిత్స తర్వాత ఊపిరి ఆగి మరణించిన ఉదంతాలు బయటపడ్డాక, 2013లో గానీ అమెరికాలో అత్యంత తీవ్రమైన హెచ్చరిక వెలువడలేదు.

బిడ్డ తనంతట తాను సమ్మతి తెలపలేదన్న అభ్యంతరం సహేతుకమైనదే. అందుకే తల్లిదండ్రుల అనుమతితోపాటు, ఊహ తెలిసిన పిల్లల అంగీకారమూ తీసుకుంటారు. కొద్ది చుక్కల రక్తంతోనే మందు స్థాయిని కొలిచే పద్ధతులూ వచ్చాయి. ఇక పరీక్షించకుండా మందు రాసినప్పుడు కూడా ప్రమాదాన్ని భరించేది ఆ బిడ్డే, అయితే ఆ అనుభవం ఏ నమోదుకూ ఎక్కదు. పేటెంటు గడువు తీరిన పాత మందులకు ఆరు నెలల హక్కు ఎరగా పనిచేయదు. నవజాత శిశువుల వార్డుల్లో నిత్యం వాడేవి చాలావరకు అటువంటివే కావడంతో, వాటి అధ్యయనాలకు ప్రభుత్వ నిధులే దిక్కు.