కోడ్ రాసేవాళ్లు, కబురు మోసేవాళ్లు: అపోహలు - వాస్తవాలు

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్లలో, నాది ప్రచారం పని. రిలీజ్ ప్రకటనలు, పోస్టర్లు, స్క్రీన్‌షాట్లు. జీతం లేదు కానీ డెవలపర్లతో చిన్నాచితకా గొడవలకు మాత్రం లోటు లేదు.

అపోహ: పేర్లు, లేబుళ్లు మార్కెటింగ్ వాళ్ల సంగతి. కోడ్‌తో పనేంటి?

వాస్తవం: 2020 జులైలో ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్ 7.0 పరీక్షా వెర్షన్‌లో 'పర్సనల్ ఎడిషన్' అనే లేబుల్ కనిపించింది. వాలంటీర్ల వెర్షన్‌కూ, కంపెనీలకు సపోర్ట్‌తో ఇచ్చేదానికీ తేడా చూపాలన్నది ఉద్దేశం. మార్కెటింగ్ ప్లాన్ ఇంకా చర్చలో ఉండగానే ఆ మాట కోడ్‌లోకి ఎక్కేసింది. ఇక ఆఫీసులో వాడకూడదా, డబ్బు కట్టాలా అని ఒకటే గోల. లైసెన్సు మారదని లిబ్రెఆఫీస్‌ను నడిపే డాక్యుమెంట్ ఫౌండేషన్ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆగస్టులో వచ్చిన 7.0లో ఆ లేబుల్ లేదు. 2021 ఫిబ్రవరిలో 7.1కి 'కమ్యూనిటీ' అని పెట్టారు. నన్నడిగితే ఆ పేరు ముందే తట్టాల్సింది.

అపోహ: కోడ్ మెర్జ్ అయితే, అంటే ప్రాజెక్టు అసలు కోడ్‌లో కలిసిపోతే, ప్రకటించేయొచ్చు.

వాస్తవం: ఈ తప్పు నేనే చేశాను. ఒక ప్రాజెక్టులో కొత్త టూల్‌బార్ మెర్జ్ అయిందని తెలియగానే పోస్టర్ చేసి వదిలాను. వారం తిరక్కుండా ఏదో బగ్ బయటపడి, ఆ మార్పును వెనక్కి తీసేశారు. పోస్టర్ మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో నెలల తరబడి తిరిగింది! ఇప్పుడు ఫీచర్ ఫ్రీజ్ (కొత్త ఫీచర్లు చేర్చడం ఆపేసే దశ) వచ్చేదాకా గీత కూడా గీయను. ఆ తర్వాత కూడా ఒకసారి అడిగాకే.

అపోహ: డెవలపర్లకు చెప్పడం రాదు.

వాస్తవం: మనకు అడగడం రాదు. "అన్నా, ఈ రిలీజ్‌లో ఏముంది?" అంటే "చేంజ్‌లాగ్ చూడు" అనే అంటారు, అంటే మార్పుల జాబితా. "మా అమ్మ తెలుగు ఫైల్ తెరిస్తే ఏం తేడా కనిపిస్తుంది?" అని అడిగి చూడండి. 2017లో లిబ్రెఆఫీస్ 5.3 టెక్స్ట్ లేఅవుట్ అన్ని సిస్టమ్‌లలోనూ హార్ఫ్‌బజ్ అనే అక్షరాలు పేర్చే ఇంజన్‌కు మారింది. ఇలా చెబితే ఎవరికీ పట్టదు. "విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ఒత్తులు, గుణింతాలు పేర్చేది ఇక ఒకే ఇంజన్" అంటే తెలుగు టైప్ చేసేవాళ్లెవరైనా ఆగి చదువుతారు.

అపోహ: 'అత్యంత వేగవంతం' అని రాయకపోతే ఎవరూ చూడరు.

వాస్తవం: ఏ ఫైల్‌తో కొలిచారని డెవలపర్ అడుగుతాడు. జవాబు లేకపోతే ఆ మాట కొట్టేయండి.

నా డ్రాఫ్ట్‌లో ప్రతి ఫీచర్ వాక్యాన్నీ ఆ కోడ్ రాసినవాళ్లకే పంపుతాను. గడువు రెండు రోజులు. జవాబు రాకపోతే ఆ వాక్యం ప్రకటనలో ఉండదు. ఈ షరతు పెట్టాక జవాబులు గబగబా వస్తున్నాయి.