పాలమూరు నుంచి అడ్డా దాకా

ఉదయం ఏడింటికి హైదరాబాద్‌లో ఏ లేబర్ అడ్డాకైనా వెళ్లి చూడండి. చేతిలో టిఫిన్ డబ్బా, సంచిలో తాపీ. మేస్త్రీ బండి ఆగగానే చుట్టూ మూగుతారు. తొమ్మిది దాటినా అక్కడే నిలబడి ఉన్నారంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఊరెందుకు విడిచారని అడిగితే ‘వాతావరణ మార్పు’ అని ఒక్కరూ అనరు. బోరు ఎండిందంటారు, అప్పయిందంటారు.

ఆ జవాబు పాతదే. కృష్ణా నది పాలమూరును, అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాను, ఒరుసుకుంటూ పోతున్నా, దశాబ్దాల పాటు ఆ నీళ్లు అక్కడి మెట్ట పొలాల్లో చాలావాటికి ఎక్కలేదు. పంట పోయిన ఏడు, కూలీలను గుంపుగా దూరపు పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టేవాడు. దాంతో షావుకారు బాకీ తీరేది, మనిషి మేస్త్రీకి బాకీ పడేవాడు. స్వాతంత్ర్యం తర్వాత దేశమంతటా ఆనకట్టలు లేస్తున్న రోజుల్లో ‘పాలమూరు లేబర్’ అన్న పేరు స్థిరపడింది. ఇతరుల పొలాలకు నీళ్లు మళ్లించింది ఈ చేతులే. ఇప్పుడు నగరం చుట్టూ ఉన్న ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడాల నుంచి వచ్చే కుటుంబాలదీ ఇదే దారి. అక్కడా ముందు చేతికందేది అడ్వాన్సే.

మరి వాతావరణ మార్పు కొత్తగా చేసిందేమిటి? కరవును అది పుట్టించలేదు, కరవుకు, కరవుకు మధ్య రైతు తేరుకునే వ్యవధిని తగ్గిస్తోంది. ఏడాది వర్షపాతం లెక్కలో లోటు కనిపించకపోవచ్చు. కానీ ఆ వాన నాలుగు రోజుల్లో కుమ్మరించి, తర్వాత మూడు వారాలు మొహం చాటేస్తే రైతు రెండోసారి విత్తనం కొనాలి. రెండో విత్తనం అంటే రెండో అప్పు.

ప్రపంచం దీనికి పేరు వెతకడం 1985లో మొదలైందనవచ్చు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కోసం ఎస్సామ్ ఎల్ హిన్నావీ రాసిన నివేదిక ‘పర్యావరణ శరణార్థులు’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చింది. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో మాత్రం కరవుకు చోటు లేదు; అది జాతి, మతం, రాజకీయాభిప్రాయం వంటి కారణాలతో వేధింపులకు భయపడి దేశం దాటినవారి కోసం. నిజానికి ఎక్కువమంది దేశం దాటనే దాటరు. 2050 నాటికి ఆరు ప్రాంతాల్లో 21.6 కోట్ల మంది దాకా సొంత దేశాల్లోనే చోటు మారవచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో అంచనా వేసింది. ఈ అంకె చూసి సరిహద్దుల్లో కంచెలు ఊహించుకునేవారు మహబూబ్‌నగర్ బస్సును చూడటం మంచిది. ఇంకో సంగతి, బస్సు ఛార్జీ కూడా పుట్టనివాళ్లు ఏ లెక్కలోకీ రాకుండా ఊళ్లోనే ఉండిపోతారు.

వచ్చినవాళ్లకు నగరంలో దొరికేది తక్కువ అద్దె ఉన్న చోటు, అంటే చాలాసార్లు నాలా పక్కన, చెరువు దిగువన. 1908 సెప్టెంబరులో మూసీ వేలమందిని మింగాకే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఆ తర్వాత చెరువుల శిఖం భూముల్లోనూ, అంటే నీళ్లు నిలవాల్సిన చోటనే, ఇళ్లు లేచాయి. 2020 అక్టోబరు కుండపోతకు కాలనీలకు కాలనీలే మునిగాయి. కరవు తరిమితే వచ్చినవాళ్ల గదుల్లో మోకాలి లోతు నీళ్లు.

అలాంటి వానల్లో శ్లాబు పోయరు. మేస్త్రీ బండి అడ్డాకు రాదు.