పసుపు శుభం రంగులో ఉందా, దుంపలో ఉందా?

పసుపు రంగు చూస్తే మీకు సంతోషం గుర్తొస్తుందా? 55 దేశాల్లో ఆరువేల మందికి పైగా జనాన్ని ఇలాంటి ప్రశ్నే అడిగి, వచ్చిన జవాబులతో 2019లో ఒక పరిశోధన వెలువడింది. ఫిన్లాండ్‌లో ఈ రంగును సంతోషంతో ముడిపెట్టేవాళ్లు నూటికి 88 మంది దాకా ఉంటే, ఈజిప్టులో ఆరుగురు కూడా లేరు. చలీ వానా ఎక్కువగా ఉండి, భూమధ్యరేఖకు దూరంగా ఉన్న దేశాల్లో పసుపంటే జనానికి ఎక్కువ సంబరం అని పరిశోధకులు తేల్చారు. నెలల తరబడి సూర్యుడు సరిగా కనపడని చోట ఎండ రంగు అంటే ఆశ పుడుతుంది, ఏడాదంతా ఎండలో మాడేవాళ్లకు అందులో గొప్పేముంటుంది!

ఆ లెక్కన మే నెలలో రెంటచింతల, రామగుండం ఎండలు చూసే మనకు పసుపంటే విసుగు రావాలి. అలా లేదు కదా. గడప దగ్గర్నుంచి మంగళసూత్రం తాడు దాకా మనకు పసుపు లేని శుభకార్యమే లేదు. దీని గురించి నాకు తోచింది ఒకటుంది. మన ఇళ్లలో శుభం అనుకునేది పసుపు రంగుని కాదు, పసుపు దుంపని.

కావాలంటే గమనించండి. పండక్కి పసుపు రంగు చీరే కొన్నా సరే, మూలన కాస్త పసుపు పెట్టాకే కట్టుకుంటారు. చీర మొత్తం ఆ రంగే అయినప్పుడు మళ్లీ ఆ చుక్క ఎందుకు? శుభలేఖ నాలుగు మూలలా ప్రెస్సులోనే పసుపు అచ్చు వేసి ఇచ్చినా, మొదటి కార్డు దేవుడి దగ్గర పెట్టేముందు ఇంట్లో ఆడవాళ్లు తడి పసుపు వేలితో రాస్తారు. బంగారం తాళిబొట్టు కొనే స్తోమత లేనివాళ్లు పసుపు తాడుకి పసుపు కొమ్ము కట్టి పెళ్లి జరిపిస్తే ఆ పెళ్లిని ఎవరూ తక్కువ చేయరు. అదే తాడుకి పసుపు రంగు ప్లాస్టిక్ ముక్క కట్టమనండి, చూద్దాం.

ఆ దుంపలో రంగునిచ్చే పదార్థం కర్కుమిన్. ఎండు పసుపులో ఇది నూటికి మూడు నాలుగు పాళ్లు మాత్రమే ఉంటుంది, అయినా సాంబారు ఒలికిన తెల్ల చొక్కాని పాడు చేయడానికి ఆ కాస్త చాలు. కాంతిలోని ఊదా, నీలం భాగాన్ని ఇది మింగేస్తుంది కాబట్టి మిగిలినది మన కంటికి పసుపుగా కనిపిస్తుంది. ఆ చొక్కాని సబ్బుతో రుద్దితే మరక పోకపోగా ఎర్రగా తిరుగుతుంది, ఇది చాలామంది చూసే ఉంటారు. సబ్బు క్షారం. క్షారం తగిలితే కర్కుమిన్ అణువు నుంచి ప్రోటాన్ ఊడిపోతుంది, దాంతో అది మింగే కాంతి మారి, మనకు కనపడే రంగు ఎరుపు వైపు జరుగుతుంది. తర్వాత ఎండలో ఆరేస్తే మరక నెమ్మదిగా వెలిసిపోతుంది, ఎందుకంటే గట్టి వెలుతురుకి కర్కుమిన్ తట్టుకోలేక ముక్కలైపోతుంది. ఎండ పడే గడపకి శుక్రవారం రాసిన పసుపు మళ్లీ శుక్రవారానికల్లా పాలిపోవడంలో తొక్కే కాళ్లతో పాటు ఈ ఎండకీ పాత్ర ఉంది.

ఇక్కడే నాకు బాగా నచ్చే సంగతి ఉంది. గ్లాసు నీళ్లలో చిటికెడు పసుపు కలిపి, తాంబూలంలో వేసుకునే సున్నం కాస్త వేసి తిప్పండి. సున్నం కూడా క్షారమే కాబట్టి క్షణంలో నీళ్లు ఎర్రబడతాయి. నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు. మనం దిష్టి తీసే ఎర్రనీళ్లు ఇవే, పెళ్లిలో చల్లుకునే వసంతం ఇదే, పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి కూడా పసుపూ సున్నమే. పాత పద్ధతిలో కుంకుమ చేసేవాళ్లు పసుపు కొమ్ములకు నిమ్మరసం, వెలిగారం (బోరాక్స్) పట్టించి ఆరబెట్టి దంచేవారు. నిమ్మరసం పులుపు కదా, మరి ఎరుపు ఎలా నిలుస్తుంది అంటే, వెలిగారంలో బోరాన్ అనే మూలకం ఉంది. ఆమ్లం సమక్షంలో కర్కుమిన్ బోరాన్‌తో కలిసి ఆరితే ఎరుపు సమ్మేళనాలు ఏర్పడతాయి, అవి పులుపు తగిలినా ఎర్రగానే ఉంటాయి. ల్యాబుల్లో బోరాన్‌ని గుర్తించడానికి పసుపు అద్దిన కాగితం వాడేది ఈ గుణాన్ని బట్టే. అంటే మనం జంటగా చెప్పుకునే పసుపు, కుంకుమ రెండూ ఆ పాత పద్ధతిలో ఒకే దుంప. ఇప్పుడు అంగట్లో దొరికే కుంకుమలో చాలావరకు సింథటిక్ రంగే, దాన్ని నుదుట పెట్టుకుని దురద తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు.

ఇంత అందమైన పదార్థాన్ని భర్త పోయిన ఆడవాళ్లకు దూరం చేసిన ఆచారం మీద మాత్రం నాకు కోపం పోదు. వంటలో పసుపు వేసేది ఆమే, ఎండబెట్టి దంచేదీ ఆమే, పేరంటానికి మాత్రం పిలవరు. కందుకూరి వీరేశలింగం గారు రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. 2022లో మహారాష్ట్ర కొల్హాపూర్ జిల్లాలోని హేర్వాడ్ అనే ఊరు, భర్త చనిపోతే భార్య కుంకుమ చెరపడం, గాజులు పగలగొట్టడం ఆపేయాలని గ్రామసభలో తీర్మానం చేసుకోవాల్సి వచ్చింది. ఈ రెంటి మధ్య 140 ఏళ్లు.

దుంపని వదిలేసి రంగునే నమ్ముకుంటే ఏమవుతుందో బంగ్లాదేశ్‌లో తేలింది. 1980లలో వచ్చిన పెద్ద వరదల తర్వాత అక్కడ పసుపు కొమ్ములు సరిగా ఆరక నల్లబడ్డాయి, కొనేవాళ్లేమో మెరిసే పసుపే కావాలన్నారు, దాంతో పాలిష్ పట్టేటప్పుడు లెడ్ క్రోమేట్ కలపడం మొదలైంది. అది పెయింట్లలో వాడే సీసం రంగు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అక్కడి గర్భిణుల రక్తంలో దొరికిన సీసం ఎక్కడిదని వెతుకుతూ పోయిన పరిశోధకులు చివరికి వంటింటి పసుపు డబ్బా దగ్గరికి చేరారు. 2019లో మార్కెట్లలో పరీక్షించిన పసుపు నమూనాల్లో 47 శాతంలో సీసం ఉంది. అక్కడి ప్రభుత్వ ఆహార భద్రత సంస్థ పత్రికల్లో హెచ్చరికలు వేయించి, ఢాకా టోకు మార్కెట్‌లో ఎక్స్‌రే పరికరంతో అక్కడికక్కడే సరుకు పరీక్షించి, కల్తీ చేసినవాళ్లకు జరిమానాలు వేసింది. 2021కల్లా ఆ 47 శాతం సున్నాకి వచ్చింది. పసుపు మిల్లుల్లో పనిచేసేవాళ్ల రక్తంలో కూడా సీసం తగ్గింది.

మన దేశంలో కూడా పసుపులో లెడ్ క్రోమేట్ కలపడం నేరం. ఇంట్లో చూసుకోవాలంటే గ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు వేసి కదపకుండా వదిలేయండి. మంచి పసుపైతే పొడి అడుక్కి దిగి పైన నీళ్లు లేత పసుపు రంగులో ఉంటాయి, రంగు కలిపిందైతే నీళ్లు చిక్కటి పసుపులోకి మారతాయి. సీసం అసలు లేదని మాత్రం ఈ పరీక్షతో తేలదు, దానికి ల్యాబ్ కావాల్సిందే. కొమ్ములు కొని మిల్లులో పొడి పట్టించుకునే వీలున్నవాళ్లు మరీ మిలమిల మెరిసే వాటిని వదిలేసి కాస్త మట్టి రంగులో ఉన్నవి ఏరుకోండి.