ఆపరేషన్ అయిపోయాక కూడా మాత్రలెందుకంటే

పిల్లలూ,

"తాతయ్యా, కిడ్నీ మార్చేశారు కదా, బాగానే ఉన్నావు కదా, ఇంకా రోజూ ఈ మాత్రలెందుకు?" అని మొన్న అడిగారు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

మన ఒంట్లో కాపలా కాసే తెల్ల రక్తకణాల్లో టీ కణాలని ఉంటాయి. మనది కానిది ఎదురైతే చాలు, పసిగట్టి మీద పడతాయి. అది రోగక్రిమో, ఒక మనిషి ప్రేమతో ఇచ్చిన కిడ్నీయో వాటికి తెలియదు పాపం. 1954లో బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం మార్చిన కిడ్నీ నిలిచిందంటే, ఇచ్చినవారూ తీసుకున్నవారూ అచ్చం ఒకేలాంటి కవలలు కాబట్టి. మిగతావాళ్లకు మందు ఉండాల్సిందే. నేను వేసుకునే టాక్రోలిమస్‌ను 1984లో జపాన్‌లో, సుకుబా కొండ దగ్గరి మట్టిలో దొరికిన బ్యాక్టీరియా నుంచి కనుక్కున్నారు. గుప్పెడు మట్టిలో ఇన్ని ప్రాణాలు దాగి ఉన్నాయంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

టీ కణం మిగతా కణాలను "రండి, రండి" అని పిలవడానికి వాడే రసాయనం తయారవకుండా ఈ మందు అడ్డుపడుతుంది. కాపలాను మొత్తం తీసేయదు, దాని గొంతు తగ్గిస్తుంది, అంతే. డోసు ఎక్కువైతే ఇన్ఫెక్షన్లు, వణుకు, చివరికి ఆ కిడ్నీకే దెబ్బ. తక్కువైతే రిజెక్షన్, అంటే కాపలా కణాలు కొత్త కిడ్నీ మీద పడటం. అందుకే లెవెల్ చూసే రోజు పొద్దున మాత్ర వేసుకోకుండా వెళ్తాను, రాత్రి వేసుకున్నది పన్నెండు గంటల తర్వాత రక్తంలో ఎంత మిగిలిందో వాళ్లకు తెలియాలి కదా, రక్తం ఇచ్చాకే మాత్ర. మొదటి నెలల్లో కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా అంచు పళ్లకు తగిలి టకటకమనేది.

ఇంకో సంగతి, మీకు ఎప్పుడూ చెప్పలేదు. రెండేళ్లు బాగా గడిచాక నాకేం కాదులే అనుకుని రాత్రి మాత్రలు తరచూ వదిలేశాను. నొప్పి లేదు, జ్వరం లేదు, ఏమీ తెలియలేదు. మామూలు రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీ వడగట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, పెరిగింది, బయాప్సీ చేస్తే, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూస్తే, రిజెక్షన్ మొదలైందని తేలింది. వరసగా మూడు రోజులు స్టెరాయిడ్ ఎక్కించారు. కిడ్నీ దక్కింది గానీ, ఆ మూడు రాత్రులూ దాన్ని ఇచ్చిన మనిషి ముఖమే కళ్ల ముందు కదిలింది.

మీకు జలుబు చేస్తే తగ్గేదాకా నా దగ్గరికి రాకండి, ఫోన్‌లో మాట్లాడుకుందాం. వచ్చినప్పుడు మాత్రం రాత్రి ఎనిమిదింటికి నా ఫోన్‌లో అలారం మోగితే ఆపేయకండి, నేను ఏ గదిలో ఉన్నా వచ్చి పిలవండి.

మీ తాతయ్య